వెట్టి అంటే ఏం పని?

కుండ చేసేవాడు కుమ్మరి. ఇనుము కొట్టేవాడు కమ్మరి. లెక్క రాసేవాడు కరణం. చెరువు నీళ్ళు పొలానికి మళ్ళించేవాడు నీరుగంటి, తెలంగాణలో నీరడి. ఊళ్ళో ఎవరి వృత్తి పేరు విన్నా ఆ మనిషి చేతిలో ఏ పనిముట్టు ఉందో తెలిసిపోతుంది. మరి వెట్టివాడు అంటే? ఆ మాట విని ఆ మనిషి పొద్దున్నే లేచి ఏం పని చేస్తాడో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. ఎందుకంటే ఆ పేరులో పని లేదు. కూలి లేకపోవటం ఒక్కటే ఉంది. ఊరంతటిలో చేసే పనిని బట్టి కాకుండా, చేసిన పనికి ఏమీ ముట్టకపోవటాన్ని బట్టి పేరు పడ్డ మనిషి వెట్టివాడు. పలికేవాళ్ళ నోట్లో ఎట్టోడు.

ఈ మాట మీద మన సంఘాల్లో ఒక తగువు నడుస్తా ఉంది. చదువుకున్న కుర్రాళ్ళేమో, "ఆ మాట ఇంకా మన నోటితో మనమే అనటం ఏంటి? మన తాతల్ని మనమే తిట్టుకున్నట్టుంది, వదిలెయ్యండి" అంటారు. పెద్దవాళ్ళేమో, "వెట్టి పేరు మీద మాన్యం ఉండేది, ఊళ్ళో ఒక లెక్క ఉండేది, ఆ మాట తీసేస్తే మనకు ఉన్న ఆధారం కూడా పోద్ది" అంటారు. రెండు పక్కలా న్యాయం ఉంది. కానీ ఉంచాలన్నా వదిలెయ్యాలన్నా ముందు ఆ మాట ఎక్కడినించి వచ్చిందో, ఎవరు ఎవరికి పెట్టారో తెలిసి ఉండాలి గదా. మాట పుట్టుక పండితుల యవ్వారం, మనకెందుకు అనుకుంటే పొరపాటు. భూమి దస్తావేజు చదివించుకోకుండా వేలిముద్ర వేస్తే ఏమవుతుందో మనోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మాట కూడా దస్తావేజే.

వెట్టి సంస్కృతం నించి వచ్చిన మాట. అక్కడ దాన్ని 'విష్టి' అన్నారు. 'ఇష్టిక' అరిగి అరిగి ఇటుక అయినట్టే విష్టి అరిగి వెట్టి అయింది. విష్టి అంటే బలవంతాన చేయించుకునే పని. ముఖ్యంగా రాజు చేయించుకునేది. ధాన్యంలో ఆరో వంతు, డబ్బు రూపంలో సుంకం ఎట్లాగో, ఒంటి చాకిరీ రూపంలో విష్టి అట్లాగ. అంటే అది పన్ను. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సైన్యం కదిలేటప్పుడు దారులు చదును చేసేవాళ్ళు, బావులూ రేవులూ చూసేవాళ్ళు, ఆయుధాలు మోసేవాళ్ళు ఈ విష్టి లెక్కలోనే ఉంటారు. ఇయ్యటానికి గింజ లేనివాడు, కాసు లేనివాడు ఒళ్ళు ఇచ్చి పన్ను కట్టాలి. మన పెద్దవాళ్ళు తరతరాలుగా కట్టింది అదే. అయినా "పన్ను కట్టే రైతులు" అని ఊళ్ళో ఎవర్ని అంటారో మీకు తెలుసు. ఆ వరసలో మనల్ని ఎప్పుడూ నిలబెట్టలేదు.

ఈ విష్టి జనానికి బాధ అన్న సంగతి రాజులకు తెలియదనుకోకండి. బాగా తెలుసు. క్రీ.శ. 150లో రుద్రదాముడనే రాజు గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర తెగిపోయిన సుదర్శన చెరువు కట్టని మళ్ళీ పోయించాడు. పోయించి ఆ సంగతి బండ మీద చెక్కించుకున్నాడు. అందులో ఆయన గొప్పగా చెప్పుకున్న విషయం ఏమిటంటే, జనాన్ని పన్నులతోనూ విష్టితోనూ పీడించకుండా సొంత ఖజానా నించి ఖర్చు పెట్టి ఈ పని చేయించానని. వెట్టి లేకుండా చెరువు కట్టించటం బండ మీద రాయించుకునేంత విశేషం అయిందంటే, మిగిలిన చెరువులు ఎట్లా లేచినయ్యో ఊహించుకోవచ్చు. మన జిల్లాల్లో ఏ చెరువు కట్ట మీద నిలబడినా నాకు ఈ శాసనమే గుర్తొస్తది. "ఫలానా రాజు తవ్వించాడు" అని బడి పుస్తకంలో ఉంటుంది. తవ్విందెవరో ఉండదు.

సరే, రాజులు ఈ విష్టి నించి ఎవర్నీ వదల్లేదా అంటే, వదిలారు. బ్రాహ్మలకు ఊళ్ళు దానం చేసిన తామ్రశాసనాలు ఉన్నాయి. వాకాటక రాజుల దానపత్రాలు చూస్తే ఆ ఊరికి ఇచ్చే మినహాయింపుల్లో అన్ని రకాల విష్టి నించీ మినహాయింపు అన్నది కనపడుతుంది. రాజుగారి మనుషులు ఆ ఊళ్ళోకి వచ్చి చాకిరీ చేయించుకోకూడదన్నమాట. అయితే చాకిరీ చేసేవాళ్ళు విముక్తి అయిపోయారా? ఊరే దానంగా వెళ్ళింది గనక ఊళ్ళో చేతులు కూడా దానం పట్టినాయన కిందికి వెళ్ళినయ్యి. పన్ను రాజు చేతిలోంచి జారి భూమిగలవాడి ఇంటి చాకిరీగా మారటానికి దారి పడింది ఇట్లాంటిచోట్లేనని నేననుకుంటాను.

మనువు సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. మనం ఆ పుస్తకాన్ని తగలబెట్టే వాళ్ళమే. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టారు కూడా. కానీ దాంట్లో ఏడో అధ్యాయంలో, ఒంటి కష్టం మీద బతికే శూద్రుల చేతా చేతిపనులవాళ్ళ చేతా రాజు నెలకొక రోజు పని చేయించుకోవచ్చునని ఉంది. నెలకి ఒక్క రోజు! మన ఊళ్ళల్లో మునసబులూ దొరలూ నెలకి ముప్పై రోజులు చేయించుకున్నారు. మనుధర్మం మా ధర్మం అని చెప్పుకునేవాళ్ళు వాళ్ళ మనువు లెక్క ప్రకారం చూసుకున్నా ఇరవై తొమ్మిది రోజుల కూలి బాకీ ఉన్నారు. వడ్డీ సంగతి తర్వాత.

ఇంకో వింత. పంచాంగంలో కరణాలు అని ఉంటాయి. అందులో ఏడోదాని పేరు విష్టి. దానికే భద్ర అని కూడా పేరు. అది చెడ్డ ఘడియ, శుభకార్యం మొదలుపెట్టకూడదని పంతులు చెప్తాడు. పేరు అదే పేరు. వాళ్ళకి విష్టి తిథిలో సగం సేపు ఉండి పోతుంది. మన గూడేనికి తాతల కాలం నించీ పోలేదు.

మాట పక్క రాష్ట్రాలకి పోయి ఏమైందో చూస్తే ఇంకా బాగా అర్థమవుతది. కన్నడంలో అది 'బిట్టి' అయింది. అక్కడ ఇప్పుడు బిట్టి అంటే ఉచితంగా వచ్చేది, ఊరికే వచ్చేది. పేదవాడికి బియ్యం ఇస్తే "బిట్టి" అని ఎగతాళి చేస్తారు. అంటే చేసినవాడి కష్టం మాయమైపోయి, తీసుకున్నవాడికి ఊరికే రావటం ఒక్కటే మిగిలింది. చివరికి ఆ ఎగతాళి కూడా పేదవాడి నెత్తినే పడింది. తమిళంలో ఇంకా దారుణం. అక్కడ 'వెట్టి' అంటే పనికిమాలిన, వృథా అని అర్థం. పని లేకుండా తిరిగేవాణ్ణి వెట్టిగా తిరుగుతున్నాడంటారు. అదే తమిళంలో 'వెట్టియాన్' అంటే శవాన్ని కాల్చే మనిషి, మన దళితుడు. రాత్రనకా పగలనకా ఊరి శవాల్ని కాల్చే మనిషి పేరూ, పని లేక తిరిగేవాడి పేరూ ఒక్క చోట చేరినయ్యి. కూలి ఇయ్యని పని పనే కాదని ఊరి లెక్క. ఆ లెక్క భాషలోకి ఎక్కింది.

నిజాం రాజ్యంలో వెట్టికి పక్కన 'బేగారి' వచ్చింది. ఇది పారశీ మాట. బే అంటే లేకుండా, కార్ అంటే పని. బేగార్ అంటే కూలి లేని బలవంతపు చాకిరీ, బేకార్ అంటే పని లేకపోవటం. అక్కడా ఇదే కథ: చాకిరీ చేసేవాడూ, పనిలేనివాడూ ఒకే మాటలోంచి పుట్టారు. తెలంగాణ పల్లెల్లో ఊరికి గుంట తవ్వేవాణ్ణి బేగరి అనేవాళ్ళు. 'వెట్టిచాకిరి' అంటాం గదా, అందులో వెట్టి సంస్కృతం వైపు నించి, చాకిరి పారశీ వైపు నించి వచ్చినయ్యి. రెండు రాజ్యాల మాటలు మన వీపు మీదే వియ్యమందుకున్నయ్యి. హిందూ రాజులు పోయి ముస్లిం రాజులు వచ్చినా, తర్వాత తెల్లవాళ్ళు వచ్చినా, మాటలు మారి ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి గాని మూట దించినవాడు లేడు.

తెలుగులో మనం రోజూ అనే మాట ఒకటుంది. "ఊరికే చేసిపెట్టరా." వ్యాకరణం తెలిసినవాళ్ళు ఈ 'ఊరికే' వేరు, గ్రామం అనే అర్థం వచ్చే 'ఊరు' వేరు అంటారు. ఉండొచ్చు, వాళ్ళతో నాకు పేచీ లేదు. కాని గూడెంలో పుట్టినవాడి చెవికి రెండూ ఒకటే. ఊరికి చేస్తే ఊరికే చేసినట్టు. 'ఉచితం' మాట కూడా అంతే. సంస్కృతంలో దానికి తగినది, న్యాయమైనది అని అర్థం. తెలుగులో డబ్బు ఇయ్యకుండా తీసుకునేది అయింది. డబ్బు ఇయ్యకుండా తీసుకోవటమే తగిన పని అని ఎవరికి అనిపించి ఉంటుందో!

ఇంతకీ వెట్టివాడు చేసే పని ఏంటి? పేరులో లేదు గనక మనమే చెప్పాలి. కోస్తా, రాయలసీమ ఊళ్ళల్లో మునసబు, కరణం కింద తలారి, వెట్టి, కొన్ని చోట్ల తోటి ఉండేవాళ్ళు. తెలంగాణలో పటేలు, పట్వారీ కింద నీరడి, మస్కూరి, సుంకరి, బేగరి. శిస్తు కట్టమని రైతుల్ని చావిడికి పిలుచుకు రావటం. దండోరా వెయ్యటం. సర్వే వస్తే గొలుసు పట్టి లాగటం. అధికారి క్యాంపుకు వస్తే కట్టెలు, కుండలు, గడ్డి, గుర్రానికి దాణా సమకూర్చటం, రాత్రి దీపం పట్టుకుని ముందు నడవటం. చెట్టుకు ఉరేసుకున్న శవం దొరికితే పంచనామా అయ్యేదాకా దాని పక్కన కూచోవటం. పెద్దింట్లో చావు జరిగితే కబురు మోసుకుని చుట్టాల ఊళ్ళు తిరగటం. పశువు చస్తే లాగెయ్యటం. కరణంగారి దస్త్రం మూట తాలూకా కచేరీదాకా నెత్తిన పెట్టుకుని పోవటం. ఈ దస్త్రం సంగతి కొంచెం ఆగి ఆలోచించండి. ఆ మనిషి ముట్టుకుంటే కరణంగారు స్నానం చెయ్యాలి. కాని ఊరి భూమి మొత్తం ఎవరెవరి పేరున ఉందో రాసిన దస్త్రం ఆ మనిషి నెత్తి మీదే మైళ్ళకి మైళ్ళు ప్రయాణం చేసింది. అందులో తన పేరున సెంటు భూమి ఉందో లేదో విప్పి చదువుకునే అక్షరం మాత్రం ఆయనకు అందనియ్యలేదు.

ఇది మగవాడి పేరున ఉన్న పదవి. పని మాత్రం ఇంటిల్లిపాదీ చేశారు. మునసబు వాకిలి ఊడ్చిందెవరు? పేడకళ్ళు ఎత్తిందెవరు? దంచింది, విసిరింది, బాలింతకు నీళ్ళు కాచిందెవరు? వెట్టివాడి పెళ్ళాం, వెట్టివాడి తల్లి. ఆయనకు జ్వరమొస్తే పదేళ్ళ కొడుకు బయల్దేరాలి. రికార్డులో ఆమె పేరు ఎక్కడా ఉండదు, వెట్టిది అని కూడా రాయరు. ఆమెది వెట్టికి వెట్టి. మన సంఘాలు వెట్టి గురించి సభ పెట్టినప్పుడు వేదిక మీద మగవాళ్ళే కూచుంటే, రికార్డు రాసిన కరణానికీ మనకీ తేడా ఏముంటుంది? ఆ సంగతి మనం తీరిగ్గా మాట్లాడుకోవాలి.

ఇదంతా ఏదో ఊరి అలవాటు, చట్టానికి సంబంధం లేదనుకునేవాళ్ళు ఉన్నారు. కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేశారు. మునసబు, కరణంతోపాటు వెట్టి, తోటి, తలారి, నీరుగంటి పదవులు కూడా దాంట్లో ఉన్నాయి. కూలి లేదు అని అర్థం వచ్చే మాటని తెల్లదొరల ప్రభుత్వం ఉద్యోగం పేరుగా చట్టంలో అచ్చువేసింది. ఉద్యోగం పేరే 'జీతం లేదు'! ప్రపంచంలో ఇట్లాంటి ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే తెలియదు.

ఇక్కడ భూస్వాములు వేసే ఎదురు ప్రశ్న ఒకటుంది. "ఊరికే చేయించుకున్నామా? మాన్యం ఇచ్చాం, కళ్ళంలో మేర కొలిచాం, పండక్కి పాత బట్ట పెట్టాం" అంటారు. నిజమే, మాన్యాలు ఉండేవి. కళ్ళంలో అందరి భాగాలూ పోయాక అడుగున మిగిలిన దుమ్ముగింజలు మేర కింద పడేవి. పాత బట్టలు, తిని మిగిలిన అన్నం శూద్రుడికి ఇయ్యమని మనువు పదో అధ్యాయంలో చెప్పిందే చేశారు, కొత్తగా చేసిన దానం లేదు. మాన్యం గురించి నేను అడిగేది ఒక్కటే. అది కూలి అయితే ఆ పనికి వెట్టి అని పేరెందుకు పెట్టారు? ఈ పేరు మనం పెట్టుకోలేదు. రాయటం తెలిసినవాళ్ళు, దస్త్రం చేతిలో ఉన్నవాళ్ళు పెట్టారు. కరణం మాన్యం కరణం మాన్యమే, మునసబు మాన్యం మునసబు మాన్యమే. మనకిచ్చిన దాని మీద మాత్రం 'వెట్టి మాన్యం' అని రాసుకున్నారు. అంటే ఆ చెక్క ఇచ్చినా గాని పనికి సరిపోయే కూలి ఇచ్చినట్టు కాదని వాళ్ళ మనసుకే తెలుసు. వాళ్ళ రాతే మన సాక్షి. పైగా ఆ మాన్యం పనికి కట్టిన గూటం లాంటిది. పని మానేస్తే భూమి పోతుంది, భూమి కావాలంటే పని మానకూడదు.

మహారాష్ట్రలో మహార్ల వతన్ కూడా అచ్చం ఇట్లాంటిదే. వతన్ భూమి ఆశ చూపించి మహారు కుటుంబం మొత్తాన్ని ఇరవై నాలుగు గంటలూ సర్కారు చాకిరీకి కట్టేశారని అంబేడ్కర్ మొదటినించీ చెప్పాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆ చట్టం మార్చాలని బిల్లు పెట్టాడు. ఆ రోజుల్లో కూడా మనవాళ్ళలోనే వతన్ పోతే ఉన్న చెక్క కూడా పోతుందేమోనని జంకినవాళ్ళు లేకపోలేదు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. ఆకలి అలాంటిది. చివరికి 1958లో గాని ఆ వతన్‌లు రద్దు కాలేదు. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్ళు.

మన దగ్గర ఏం జరిగింది? 1960లో గుంటూరు జిల్లా మునసబు పదవి తగాదా ఒకటి సుప్రీంకోర్టుదాకా పోయింది. మునసబు పదవికి పాత మునసబు కుటుంబం వాళ్ళనే తీసుకోవాలన్న నియమం రాజ్యాంగానికి విరుద్ధమని, పుట్టుకను బట్టి ఉద్యోగం ఇయ్యకూడదని కోర్టు చెప్పింది. మంచి తీర్పు. ఆ పదవి కోసం పోటీ ఉంది గనక కోర్టుకి ఎక్కారు. వెట్టి పదవికి పోటీ ఎవరు పడతారు? "నేను కులానికి ఫలానా పెద్దవాణ్ణి, నన్ను కూడా వెట్టివాడిగా వేసుకోండి, పుట్టుక వివక్ష చూపకండి" అని ఏ కమ్మాయనా ఏ రెడ్డీ దావా వేసినట్టు నేను వినలేదు. అందుకని మునసబుగిరీ వారసత్వం కోర్టులో కొట్టుడుపోయినా, వెట్టి వారసత్వం ఏ కోర్టూ అవసరం లేకుండా తండ్రి నించి కొడుక్కి నడుస్తూనే ఉంది.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవుల్ని ఊడగొట్టింది. ఊళ్ళల్లో మనవాళ్ళు సంతోషించారు, సంతోషించవలసిందే. పైనున్న నలుగురూ పోయారు. కింద ఉన్నవాడు మాత్రం అక్కడే ఉన్నాడు. ఆయన పేరు మారింది. గ్రామ సేవకుడన్నారు. ఆ తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుడు, వి.ఆర్.ఏ. అన్నారు. వెట్టి, తలారి, తోటి, మస్కూరి అందరూ ఇంగ్లీషు అక్షరాలు మూడింటి కింద చేరిపోయారు. ఇక పని? ఆఫీసుకి రాత్రి కాపలా ఉండేది ఆయనే, ఇసుక లారీలకు అడ్డం నిలబడేది ఆయనే, ఎన్నికలొస్తే పెట్టెలు మోసేది ఆయనే, చాలాచోట్ల అధికారి ఇంటి కూరగాయలు తెచ్చేది కూడా ఆయనే. గౌరవ వేతనం అన్నారు. గౌరవం వేతనంలో కలిపేశారు, రెండూ తక్కువే. 2022లో తెలంగాణలో వి.ఆర్.ఏ.లు దాదాపు ఎనభై రోజులు సమ్మె చేశారు. 2023 జులైలో ఇరవై వేల పైచిలుకు మందిని వేరే వేరే శాఖల్లోకి తీసుకుని పేస్కేలు ఇయ్యాలని ప్రభుత్వం నిర్ణయించాల్సి వచ్చింది. ఎవరూ దయతలిచి ఇయ్యలేదు. రోడ్డు మీద కూచుంటే వచ్చింది.

కనక కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇది. పేరు మార్చటం మనం కనిపెట్టిన పోరాటం కాదు, ప్రభుత్వం ఎప్పుడో చేసేసింది. మనిషిని పట్టుకుని "ఒరే వెట్టీ" అని పిలిస్తే ఊరుకోవద్దు. తండ్రి వయసువాణ్ణి పేరు పెట్టి, అండీ అని పిలవాల్సిందే. కాని ఆ మాటని కాగితం మీంచి చెరిపెయ్యటానికి మాత్రం తొందరపడకండి. అది మనకు రావలసిన బాకీ రాసి ఉన్న చీటీ. బాకీ ముట్టకముందే చీటీ చించుకుంటామా?

ఆ చీటీకి విలువ ఉందా అంటే, ఉంది. రాజ్యాంగం 23వ అధికరణం బేగార్‌నీ, అట్లాంటి బలవంతపు చాకిరీలన్నిటినీ నిషేధించింది. 'బేగార్' అన్న మాట అట్లాగే, మన పల్లె మాట, రాజ్యాంగంలో ఉంది. అదే అధికరణం రెండో భాగంలో, ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ చేయించుకోవచ్చని ఉంది. చాలామంది అధికారులు దీన్నే చూపిస్తారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది, అది చూపించరు. అట్లా చేయించుకునేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం బట్టి తేడా చూపకూడదని. ఊరంతటిలో శవం కాపలాకి ఒక్క గూడెం నించే మనిషిని పిలిస్తే అది ప్రజా ప్రయోజనం కాదు, కుల ప్రయోజనం.

1976లో వెట్టి విముక్తి చట్టం వచ్చింది. దాంట్లో రెండో సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. కొన్ని రకాల చాకిరీలకి కాగితం మీద ఒప్పందం చూపించక్కర్లేదు, ఆచారాన్ని బట్టే ఒప్పందం ఉన్నట్టు సాధారణంగా అనుకోవాలి అని చెప్పి, దేశంలో రకరకాల పేర్లు వరసగా రాశారు. ఆ వరసలో జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన నోటి మాటలు మూడు పార్లమెంటు చేసిన చట్టంలో ఉన్నయ్యి. భూస్వామి "బాండు ఏది, సాక్షి ఎవరు" అని దబాయిస్తాడు గదా, ఆ దబాయింపుకి జవాబు ఆ మాటల్లోనే ఉంది. బాకీ గురించి తగువొస్తే అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే, మనం కాదు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల పనుల్లో కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని చెప్పింది. ఆకలి కూడా బలవంతమేనని ఒప్పుకుంది. అంటే కర్రపెట్టి కొడితేనే వెట్టి కాదు. పంచాయతీ వీధి ఊడ్చే మనిషికి ఇయ్యాల్సిన దాంట్లో సగం చేతిలో పెట్టి సంతకం నిండుగా పెట్టించుకుంటే, ఆ సగం వెట్టే.

ఇక 1989 అట్రాసిటీ చట్టంలో దళితుల చేత బలవంతాన బేగార్ చేయించటం నేరమని ముందునించీ ఉంది. 2015లో దాన్ని సవరించి శవాలు, పశువుల కళేబరాలు మోయించటం, గుంటలు తవ్వించటం బలవంతాన చేయిస్తే అదీ నేరమని విడిగా రాశారు. సాంఘిక బహిష్కరణ కూడా నేరమే. "పశువు లాగం, డప్పు కొట్టం" అన్నందుకు కూలికి పిలవొద్దని, కిరాణా ఇయ్యొద్దని ఊరు కట్టుబాటు పెడితే ఆ కట్టుబాటు మీదే కేసు పడుద్ది. చట్టం ఉన్నంత మాత్రాన పోలీసు స్టేషన్‌లో కాగితం తీసుకుంటారని నేను చెప్పటం లేదు. కారంచేడు, చుండూరు చూసినవాళ్ళం. చట్టంలో మన మాట ఉందని తెలిసి వెళ్ళటం వేరు, తెలియకుండా చేతులు కట్టుకుని నిలబడటం వేరు.

మాటని తిప్పి పట్టుకోవటం మనవాళ్ళకి కొత్త కూడా కాదు. దండోరా వెట్టి పనుల్లో ఒకటి. ఇంకొకడి ఆజ్ఞని మన గొంతుతో, మన డప్పుతో ఊరంతా చాటటం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు సంఘం పెట్టుకుని అదే మాటని తమ ఉద్యమానికి పేరు చేసుకున్నారు. రిజర్వేషన్ల పంపకం మీద మాల మాదిగ సోదరుల మధ్య ఉన్న వాదం వేరే వ్యాసం, దాన్ని ఇక్కడ కలపను. చావిడి ముందు నిలబడి పక్కవాడి హుకుం చాటిన గొంతు తన సంగతి తను చాటుకుంటే ఆ పాత మాటకే కొత్త అర్థం వచ్చింది. ఎవరూ నిఘంటువు మార్చలేదు.

సంఘం కార్యకర్తలు అర్జీలు రాసేటప్పుడు ఒక పని చెయ్యండి. "మా నాన్నగారు గ్రామ సేవకులుగా సేవలందించారు" అని రాయించే మాస్టార్లు ఉంటారు, మర్యాదగా ఉంటుందని. అట్లా రాయొద్దు. సేవ అంటే ఇష్టపడి చేసింది అవుతుంది, దానికి కూలి అడగరు. ఫలానా సంవత్సరం నించి ఫలానా సంవత్సరం దాకా ఊరికి వెట్టి చేశాడు, ఇవీ చేసిన పనులు, ఇదీ ముట్టింది, భార్యా పిల్లలు కూడా చేశారు, వాళ్ళ పేర్లివి అని రాయండి. వెట్టి మాన్యం ఉంటే దాని సర్వే నంబరు, అది ఇప్పుడు ఎవరి సాగులో ఉందో, ఏ సంవత్సరంలో చేతులు మారిందో రాయండి. ముసలివాళ్ళు బతికుండగానే అడిగి రాసుకోండి, వాళ్ళు పోతే కరణం దస్త్రం ఒక్కటే మిగులుతుంది. అర్జీ కలెక్టరుకి ఒకటి, డివిజన్‌లో విజిలెన్స్ కమిటీకి ఒకటి ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకుని నకలు సంఘం దగ్గర ఉంచండి.